మాట్లాడటానికి డిగ్రీ ఎందుకంటున్నారు మా ఆయన

అంబత్తూరు అమ్మ · జనవరి 18, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది గూడూరు దగ్గర పల్లె. చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్ళు దాటింది. మా ఆయన అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ సూపర్‌వైజరు. పాప ఇక్కడే పుట్టింది. సీబీఎస్‌ఈ స్కూల్లో ప్లస్ టూ, కామర్స్ గ్రూపు. బీకాంలో చేర్చి పక్కన సీఏకి కడదామని అనుకుంటా ఉన్నాం. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అందరం కూర్చుని అరిసెలు తింటా ఉంటే "నేను కమ్యూనికేషన్ చదువుతా" అని తేల్చి చెప్పింది.

మా ఆయన నవ్వేశారు. "మాట్లాడటానికి డిగ్రీ ఎందుకే? మీ నాయనమ్మ ఏ డిగ్రీ చదివిందని ఊరంతా ఆమె మాట వింటా ఉంది?" అన్నారు. మా అత్తగారికి ఆ మాట భలే నచ్చింది. పాపకి నచ్చలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కమ్యూనికేషన్ చదువుతానన్న పిల్ల!

అసలు ఈ చదువులో ఏం చెప్తారు? టీవీలో వార్తలు చదవడమా, సినిమానా, అడ్వర్టైజ్‌మెంటా? పాప స్నేహితురాలు బెంగళూరులో అప్లికేషన్ వేసేసింది, ఇదీ అక్కడికే పోతానంటా ఉంది. మూడేళ్ళకీ కలిపి అయిదు లక్షలు దాటితే మాకు కష్టం. ఒక కాలేజీకి పోయి అడిగితే ఏసీ ఆడిటోరియం చూపించి, చేతిలో ఒక సంచి పెట్టి పంపించారు. ఏం పాఠాలు చెప్తారండీ అంటే "అంతా ఇండస్ట్రీ ఓరియెంటెడ్ మేడమ్" అన్నారు. ఆ మాటకి తెలుగులో అర్థం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

నవ్వుల పువ్వు · జనవరి 18, రాత్రి 10:05

మా వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్‌లో ఈ కమ్యూనికేషన్ నలభై అయిదు రోజుల్లో ఇచ్చేస్తున్నారు వదినా. మూడేళ్ళు దేనికి?

కత్తెర పని · జనవరి 18, రాత్రి 11:30

అక్కా, నేను విస్కామ్ చదివాను. 2011లో బయటికొచ్చాను. వడపళనిలో ఎడిటింగ్ చేస్తాను, సీరియళ్ళు, ప్రకటనలు, ఏది దొరికితే అది. నాకు తెలిసింది చెప్తాను.

ముందు పేర్ల గోల. "కమ్యూనికేషన్" అనే ఒక్క మాట కింద చెన్నైలో కనీసం నాలుగు రకాల సరుకు అమ్ముతారు. విజువల్ కమ్యూనికేషన్, అంటే విస్కామ్. ఇది బీఎస్సీ. పేరుకే సైన్సు, అందులో కెమిస్ట్రీ ఉండదు. బొమ్మలు గీయడం, ఫోటోగ్రఫీ, గ్రాఫిక్ డిజైన్, అడ్వర్టైజింగ్, స్క్రిప్టు, వీడియో. లయోలాలో ఇది పాతకాలం నుంచీ ఉంది, ఆ పేరు చూసి ఊరంతా పెట్టారు. రెండోది జర్నలిజం, ఇది బీఏ. రాయడం, రిపోర్టింగ్, చట్టాలు. మూడోది మాస్ కమ్యూనికేషన్ లేదా మీడియా స్టడీస్, రెండిటి మధ్య కలగూరగంప. అన్నా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్ మీడియా అని అయిదేళ్ళ ఎమ్మెస్సీ ఒకటి వేరే ఉంది. ప్లస్ టూ అయ్యాక నేరుగా చేరేది. ఏ గ్రూపు వాళ్ళకి అర్హతో ప్రాస్పెక్టస్ చూసి వేయండి.

మీ పాపకి ఇందులో ఏది కావాలో ముందు దాన్నే అడగండి. అది చెప్పలేకపోతే కంగారేం లేదు. నేనూ చెప్పలేకపోయాను. చేరాక మూడో సెమిస్టర్‌లో తెలిసింది, నాకు కెమెరా కంటే కత్తెర ఇష్టమని.

ఇప్పుడు అసలు సంగతి. కాలేజీకి వెళ్ళినప్పుడు ఆడిటోరియం చూడకండి. కెమెరా రిజిస్టర్ అడగండి. మా డిపార్ట్‌మెంట్‌లో అరవై మందికి నాలుగు కెమెరాలు. అందులో ఒకటి బ్రోచర్‌లో ఫోటోకి పోజివ్వడానికే తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. ఇంకోదాని బ్యాటరీ ఇరవై నిమిషాలకి చచ్చిపోయేది. పొద్దున రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం నాలుగున్నరకల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. మంచి వెలుతురు వచ్చేదే అయిదింటికి! మూడేళ్ళూ మిట్టమధ్యాహ్నం నెత్తిన ఎండ పెట్టుకుని షూటింగులు చేశాం. అందరి మొహాల్లో కళ్ళ కింద నల్లటి నీడలు. ఒక సారు వాటిని చూసి "ఇది మీ బ్యాచ్ శైలి" అన్నాడు.

ఏ కాలేజీయో చెప్పను. అలాంటివి చాలానే ఉన్నాయి.

లెక్కల నాయుడు · జనవరి 19, ఉదయం 6:40

అమ్మా, నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. కోపగించుకోవద్దు, కామర్స్ గ్రూపు పిల్లని బీకాంలో వేస్తే అన్నం గ్యారంటీ. మీడియాలో మొదటి అయిదేళ్ళు జీతం అడగకూడదు, అడిగితే "ఎక్స్‌పోజర్" అంటారు. ఎక్స్‌పోజర్‌తో అద్దె కట్టలేం.

అయినా చేర్చాలనే నిర్ణయించుకుంటే రెండు విషయాలు. ఎడ్యుకేషన్ లోన్ 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా గ్యారంటీ స్కీము కింద ఇస్తారు, తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు. చదువు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఈ రెండో ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు. అయిదు లక్షల లోపు చదువైతే లోన్ జోలికి పోకండి.

రెండోది కమ్యూనిటీ సర్టిఫికెట్. మనం ఆంధ్రాలో ఏ కేటగిరీ అయినా సరే, ఇక్కడ తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ లేకపోతే ఓసీ కిందే లెక్క. పాప ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది కదా, కాగితాలు ఏమున్నాయో ఇప్పుడే చూసుకోండి. మే నెలలో తాలూకా ఆఫీసు చుట్టూ తిరగడం నరకం.

పంతులమ్మ · జనవరి 19, మధ్యాహ్నం 1:15

నమస్తే అక్కా. మాది వరంగల్. ఇక్కడ ఒక కాలేజీల మీడియా డిపార్ట్‌మెంట్‌ల చెప్త. కత్తెర తమ్ముడు కెమెరాల గురించి చెప్పిండు, మంచిదే. కానీ ఆ మాటలు విని మీవారు "కెమెరా పట్టుడు నేర్చుకోనీకి మూడేళ్ళా" అంటరు. అందుకే అసలు ఈ చదువు ఏందో నేను జెర చెప్త.

మీది గూడూరు అన్నరు. దూబగుంట మీకు తెలుసు. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడవాళ్ళు రాత్రి బడికి పోయిన్రు. అక్షరాలు నేర్పే వాచకంల తాగుడు మీద ఒక పాఠం ఉండె. చదివిన్రు, ఇది మన కథే గదా అనుకున్నరు, పోయి సారా దుకాణం ఆపిచ్చిన్రు. ఆ వార్త పేపర్ల వచ్చింది, పక్క ఊర్లు అందుకున్నయి, జిల్లా అంత పాకింది. 1993ల రాష్ట్రం మొత్తం సారా బంద్ అయింది, 1995ల పూర్తి మద్య నిషేధం పెట్టిన్రు.

గిప్పుడు చూడున్రి. అసొంటి పాఠాలు ఎన్ని ఊర్లల్ల చదివిన్రో. అన్ని ఊర్లల్ల అగ్గి ఎందుకు అంటుకోలే? పని చేసింది పాఠమా, పది మంది ఒక్కతాన కూసొని చదువుడా, పేపరా? పేపర్ల రాకపోతే పక్క జిల్లాకు పోవునా? సారా ఆపాలె అని పేపరోళ్ళు చెప్పిన్రా, లేకపోతే దేని గురించి మాట్లాడుకోవాల్నో మాత్రమే చెప్పిన్రా? ఈ ఆఖరి ప్రశ్నకు మా దగ్గర ఒక పేరుంది, అజెండా సెట్టింగ్. మెక్‌కూంబ్స్, షా అని ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు 1968 ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే చిన్న ఊర్ల ఓటర్లను అడిగి, 1972ల అచ్చేసిన్రు. మా పిల్లలు దాన్ని నిర్వచనం లెక్క బట్టీ కొట్టి పరీక్షల రాస్తరు. దూబగుంట చెప్తె కండ్లు పెద్దగ చేస్తరు.

మీవారు అత్తమ్మ గురించి అన్న మాట జోక్ కాదు. ఊరంత ఆమె మాట ఎందుకు వింటది? గదే మా సబ్జెక్టు. ఊర్ల కొత్త విత్తనం వచ్చినా కొత్త మాట వచ్చినా ముందుగాల ఎవలి మాట నమ్ముతరు అన్నది రోజర్స్ అనే ఆయన 1962ల పుస్తకమే రాసిండు. మీ అత్తమ్మ అసొంటోళ్ళకు అండ్ల "ఒపీనియన్ లీడర్" అని పేరు.

కాలేజీకి పోతె రిజిస్టర్‌తోపాటు సెమిస్టర్ వారీ పేపర్ల లిస్టు అడుగున్రి. అండ్ల "రిసెర్చ్ మెథడ్స్" అని ఒక్క పేపరన్న ఉన్నదా, మీడియా చట్టం ఉన్నదా, ఆఖరి సెమిస్టర్‌ల ప్రాజెక్టు ఉన్నదా చూడున్రి. మొత్తం సాఫ్ట్‌వేర్ పేర్లే ఉంటె అది మూడేళ్ళ కంప్యూటర్ సెంటర్. నాలుగేండ్లల సాఫ్ట్‌వేర్ మారిపోతది.

కత్తెర పని · జనవరి 19, మధ్యాహ్నం 2:40

మేడమ్ గారూ, గౌరవంతోనే అంటున్నాను. సాఫ్ట్‌వేర్ మారుతుంది, నిజమే. కానీ మొదటి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు రోజర్స్ గురించి ఎవడూ అడగడు. కుర్చీలో కూర్చోబెట్టి "ఇది కట్ చేసి చూపించు" అంటాడు. నేను మెక్‌లూహన్ అనే మీడియా సిద్ధాంతకర్త మీద పదహారు మార్కుల ప్రశ్నకి ఆరు పేజీలు రాసి పాసయ్యాను. స్టూడియోలో మొదటి రోజు టైమ్‌కోడ్ (వీడియోలో ఏ ఫ్రేమ్ ఏ క్షణానిదో చెప్పే అంకె) అంటే ఏమిటో తెలియక తల దించుకున్నాను.

పంతులమ్మ · జనవరి 19, మధ్యాహ్నం 3:05

అది నేర్పలేని కాలేజీ తప్పు తమ్మీ, మెక్‌లూహన్ తప్పు కాదు. పదేండ్ల తర్వాత నువ్వు ఏం కట్ చెయ్యాల్నో చెప్పే కుర్చీల కూసోవాలంటె అప్పుడు కావాలె ఆ ఆరు పేజీలు.

కత్తెర పని · జనవరి 19, మధ్యాహ్నం 3:12

ఆ కుర్చీలో నిర్మాత బావమరిది కూర్చున్నాడు మేడమ్.

నవ్వుల పువ్వు · జనవరి 19, మధ్యాహ్నం 3:20

ఈ ఒక్క ముక్క మాత్రం సిలబస్‌లో పెట్టాలి.

తరమణి గాలి · జనవరి 19, రాత్రి 8:30

ఇంకో దారి చెప్తానండి. నేను ఎకనామిక్స్‌లో బీఏ చేసి, తర్వాత తరమణిలో ఏసీజేలో, అంటే ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో, ఏడాది పీజీ డిప్లొమా చేశాను. దానికి ఏ డిగ్రీ అయినా సరే, ఎంట్రెన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. (ఆ కాలేజీ 1994లో పుట్టింది బెంగళూరులోనే, 2000లో చెన్నైకి వచ్చింది. కాబట్టి బెంగళూరా చెన్నైయా అని దానికీ ఒకప్పుడు డౌటొచ్చిందన్నమాట.) మా బ్యాచ్‌లో ఇంజినీర్లు ఉన్నారు, ఒక బీడీఎస్ అమ్మాయి ఉంది. విస్కామ్ వాళ్ళు కెమెరా పని చకచకా చేసేవాళ్ళు. కానీ బడ్జెట్ రోజు కాగితాలన్నీ మా ఎకనామిక్స్ వాళ్ళ బల్ల మీదికే వచ్చేవి.

అందుకే నేననేది, డిగ్రీలో ఒక విషయం గట్టిగా చదవనివ్వండి, చెప్పే పద్ధతి పీజీలో నేర్చుకోవచ్చు. కామర్స్ పిల్ల అంటున్నారు. బ్యాలెన్స్ షీటు చదవగలిగిన విలేకరులు మన తెలుగులో ఎంతమంది ఉన్నారు చెప్పండి? ఒక్క జాగ్రత్త. పీజీ డిప్లొమా అంటే డిగ్రీ కాదు. రేపు లెక్చరర్ కావాలంటే ఎమ్మే ఉండాలి, తర్వాత మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజంలో నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి.

హోసూర్ రోడ్డు · జనవరి 20, ఉదయం 11:00

బెంగళూరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. మాది మదనపల్లె. ఇక్కడ క్రైస్ట్ యూనివర్సిటీలో చదివినాను, ఇప్పుడు ఒక యాప్ కంపెనీలో యూఎక్స్ రైటర్ని. అంటే "మీ చెల్లింపు విఫలమైంది" అని ఫోన్‌లో వస్తాది చూడండి, ఆ మాట రాసేది మేమే. నవ్వకండి. "విఫలమైంది" అంటే డబ్బు పోయిందని జనం భయపడతా ఉన్నారని తెలిసి, "డబ్బు మీ ఖాతాలోనే ఉంది, మళ్ళీ ప్రయత్నించండి" అని మార్చడానికి మాకు మూడు వారాలు పట్టింది.

మేం మూడు మెయిన్లు చదివినాం, కమ్యూనికేషన్, ఇంగ్లీషు, సైకాలజీ. నాకు ఉద్యోగం ఇచ్చింది నిజం చెప్పాలంటే సైకాలజీనే. కెమెరా నేను మూడేళ్ళలో నాలుగుసార్లు పట్టుకున్నానేమో.

బెంగళూరుకి రావాలంటే ఇప్పుడే మేలుకోవాల. ఇక్కడి పెద్ద ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల్లో అడ్మిషన్లు ప్లస్ టూ పరీక్షలకి ముందే మొదలైపోతాయి, టెస్టు, ఇంటర్వ్యూ అన్నీ. చెన్నైలో ఎక్కువ కాలేజీలు మార్కులు వచ్చినాక మెరిట్ మీద ఇస్తాయి. ఖర్చు సంగతి ఆంటీ, దాచి లాభం లేదు. మీ అయిదు లక్షలు మూడేళ్ళ ఫీజుకీ, పేయింగ్ గెస్ట్ రూముకీ చాలవు. నేనుండే చోట ఇద్దరు పంచుకునే రూముకి భోజనంతో నెలకి పదకొండు వేలు. ఇంట్లో నుంచి పోయి వచ్చే కాలేజీ చెన్నైలో ఉండగా ఇంత దూరం ఎందుకని నా ప్రశ్న.

ఇంకోటి, మూడేళ్ళా నాలుగేళ్ళా అని కూడా అడగండి. కర్ణాటకలో 2021లో నాలుగేళ్ళ డిగ్రీ తెచ్చి, 2024లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో మళ్ళీ మూడేళ్ళకి మార్చినారు. డీమ్డ్ వాటిల్లో నాలుగేళ్ళ ఆనర్స్ ఉంది. తమిళనాడు ప్రభుత్వ యూనివర్సిటీల కింద కాలేజీల్లో మూడేళ్ళే. రేపు అమెరికాలో మాస్టర్స్ అనుకుంటే అక్కడ చాలా యూనివర్సిటీలు పదహారేళ్ళ చదువు అడుగుతాయి, అప్పుడు ఈ నాలుగో ఏడాది అక్కరకొస్తాది. బ్రిటన్‌కైతే మూడేళ్ళ డిగ్రీ చాలు.

అంబత్తూరు అమ్మ · జనవరి 20, రాత్రి 10:15

ఇన్ని మాటలు చెప్పినందుకు అందరికీ దండాలు. దూబగుంట సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపాగి, "మా చిన్నాయన ఆ టైములో సారా మానేశాడు, భయపడి" అన్నారు. మా ఇంట్లో ఈ మాట నేను ఇప్పుడే వింటున్నా.

బెంగళూరు తీసేశాం. పాప ఏడ్చింది. స్నేహితురాలి కోసమా చదువు కోసమా అని అడిగితే తలుపేసుకుంది.

ఇంకో అనుమానం. పాపకి తెలుగు మాట్లాడటం బాగా వస్తుంది, చదవడం కూడబలుక్కుంటా. తమిళం పదో క్లాసు దాకా చదివింది. ఇంగ్లీషు సరే. ఈ చదువులో తెలుగు దేనికన్నా పనికొస్తుందా, లేకపోతే వదిలేయమందామా?

మైలాపూర్ మామయ్య · జనవరి 21, ఉదయం 7:30

తల్లీ, వదిలేయడం అన్న మాట మాత్రం అనకు.

నేను ఆకాశవాణిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. నా కథ 1975 ఆగస్టులో మొదలైంది. అప్పుడు నేను కుర్రవాణ్ణి. మా ఊరి బడికి జీపులో ఒక టీవీ పెట్టె వచ్చింది. బడి కప్పు మీద గొడుగు తిరగేసినట్టు పది అడుగుల యాంటెన్నా బిగించారు. దగ్గరికెళ్ళి చూస్తే అది కోళ్ళ గూటికి వాడే జాలీ! అమెరికా వాళ్ళ ఉపగ్రహం ఒకటి ఏడాది పాటు మనకి అరువిచ్చారు, ఏటీఎస్-6. దాని పేరు మీద సైట్ అనే ప్రయోగం. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలు, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కర్ణాటక ఒకటి. పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం, కాస్త పాటలు. తెలుగులోనే.

నాకు బాగా గుర్తున్నది టీవీ కాదు. మాతో పాటు కూర్చుని, తెర వంక చూడకుండా మా వంక చూస్తూ నోటుపుస్తకంలో రాసుకునే ఒక మనిషి. ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు బయట అరుగు మీద నిలబడ్డారు, ఆడవాళ్ళు ఎన్నింటికి లేచి వెళ్ళిపోయారు, అన్నీ రాసేవాడు. ఆ పనికి జీతం ఇస్తారా అని ఆశ్చర్యపోయాను. పంతులమ్మగారు చెప్పే రిసెర్చ్ మెథడ్స్ అదేనమ్మా. వరి తెగుళ్ళ మీద ప్రోగ్రాం వచ్చే వేళకి మా రైతులు ఇంకా పొలంలోనే ఉన్నారని ఆయన పుస్తకంలో తప్పకుండా ఎక్కే ఉంటుంది.

1976 జులైతో ప్రయోగం అయిపోయింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది. పెట్టె మా బళ్ళో దుమ్ముకొట్టుకుని చాలా రోజులుంది.

ఇక తెలుగు సంగతి. ఇక్కడి డిగ్రీలో పార్ట్ వన్ అని ఒక భాష ఉంటుంది. తమిళం, హిందీ, ఫ్రెంచి, సంస్కృతం, ఇలా. తెలుగు పెట్టే కాలేజీలు తగ్గిపోయాయి, ఉందేమో అడిగి చూడండి. లేకపోతే పాప తమిళమే తీసుకోనీ, పదో తరగతి దాకా చదివింది కదా. తెలుగు చదవడం ఇంట్లో నేర్పు. ఈ ఊరు మనకి పరాయిది కాదు. ఆంధ్రపత్రిక బొంబాయిలో పుట్టి, 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక అయింది. మన సినిమా ఎన్ని దశాబ్దాలు కోడంబాక్కంలో ఉందో నీకు తెలుసు.

కత్తెర పని · జనవరి 21, ఉదయం 9:10

మామయ్యగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. డబ్బుల భాషలో చెప్తాను అక్కా. వడపళని, సాలిగ్రామంలో తమిళం నుంచి తెలుగుకి డబ్బింగు, సబ్‌టైటిళ్ళు, ప్రకటనలు రోజూ జరుగుతాయి. రెండు భాషలూ మాట్లాడేవాళ్ళు బోలెడు. రెండూ చదవగలిగేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. పోయినేడాది ఒక నగల ప్రకటనకి టైటిల్ వేస్తున్నాం. "లక్ష్మి" అని టైపు చేస్తే ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట పడింది. గదిలో ఉన్న ఏడుగురిలో అది తప్పని చూసింది నేనొక్కణ్ణే. నేను ఆ రోజు సెలవు పెట్టుంటే ఆ విరిగిన లక్ష్మే మీ ఇంట్లో టీవీలోకి వచ్చేది.

పంతులమ్మ · జనవరి 21, మధ్యాహ్నం 12:40

ఇంతమంది ఇన్ని చెప్పినంక పిల్ల ఏమంటదో మనం ఇన్లే. నా దిక్కు నుంచి ఒక పని. పరీక్షలు అయినంక ఫోన్‌ల అయిదు నిమిషాల ఆడియో చెయ్యమనున్రి. వీడియో వద్దు, మాట ఒక్కటే. నాయనమ్మ మీదనే చెయ్యమనున్రి. అది చెయ్యనీకి ఓపిక ఉంటె ఈ చదువు పడ్తది. రెండో రోజే విసుగొస్తె బీకాం ఎట్లనూ ఉన్నది.

చెన్నైల క్యాంపస్ రేడియో ఉన్న కాలేజీలు గూడ చూడున్రి. దేశంల మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో అన్నా యూనివర్సిటీలనే, 2004 ఫిబ్రవరిల పెట్టిన్రు, 90.4 ఎఫ్ఎం. ఎంఓపీ వైష్ణవ్ ఆడపిల్లల కాలేజీ, అండ్ల గూడ స్టేషన్ ఉన్నది. కెమెరాల కోసం కొట్టుకునే తాన మైకు ఖాళీగ దొరుకుతది.

మా తెలంగాణల జహీరాబాద్ దిక్కు మాచనూరు అని ఊరుంది. ఆడ 2008 నుంచి సంఘం రేడియో అని దళిత ఆడవాళ్ళు నడిపిస్తున్నరు. చిరుధాన్యాల ముచ్చట్లు, పాటలు, వాళ్ళ భాషల వాళ్ళే. మాట్లాడనీకి డిగ్రీ ఎందుకు అన్న మీవారి మాటకు అదొక్కటే సరైన జవాబు, అది ఆయన దిక్కే ఉన్నది అనుకోండి!

ఆ అమ్మాయినే · ఏప్రిల్ 12, రాత్రి 11:20

నమస్తే. అమ్మ ఫోన్‌లో ఇదంతా చదివాను. తెలుగులో టైపు చేయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే కత్తెర అన్న దిద్దాలి.

పరీక్షలు అయిపోయాయి. మేడమ్ చెప్పిన ఆడియో చేశాను. నాయనమ్మ ముందు ఫోన్ పెట్టి "మాట్లాడు" అంటే ఆకాశవాణి లాగా "నా పేరు... మా ఊరు..." అని మొదలుపెట్టింది. పావుగంట వేస్టు. మళ్ళీ వింటే ఫ్యాన్ తప్ప ఏమీ వినపడలేదు. మర్నాడు ఫ్యాన్ ఆపాను, ఫ్రిజ్ వినపడింది. మూడో రోజు ఫ్రిజ్ తీగ పీకేసి, ఫోన్‌ని చేటలో చిక్కుడుకాయల పక్కన పెట్టి నేనూ ఒలుస్తూ కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. ఊళ్ళో ఎవరికైనా పెళ్ళి సంబంధం చెడిపోతే ఆ కబురు ఆ ఇంటికి ఎవరు తీసుకెళ్ళాలి, ఎప్పుడు తీసుకెళ్ళాలి, ముందు ఏం మాట్లాడాలి అని. "తిన్నారా అని అడిగి, తిన్నాకే చెప్పాలి" అంది. నలభై నిమిషాలొచ్చింది. అయిదు నిమిషాలకి కుదించడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఫ్రిజ్ మళ్ళీ పెట్టడం మర్చిపోయాను, పాలు విరిగిపోయాయి, దాని గురించి అమ్మ ఇక్కడ రాసే ముందే నేను రాస్తున్నాను.

బెంగళూరు గురించి ఏడ్చింది నిజమే, స్నేహితురాలి కోసమే.

నాకు జర్నలిజమా విస్కామా అని ఇంకా తెలియదు. రేడియో ఉన్న చోటు కావాలి.

కత్తెర పని · ఏప్రిల్ 13, ఉదయం 8:00

అమ్మాయ్, తప్పుల్లేవు. నలభై నిమిషాల్ని అయిదుకి తెచ్చావంటే నువ్వు కత్తెర కులమే. ఇంట్లో ఆ నలభై నిమిషాల ఫైలు మాత్రం చెరిపెయ్యకు.

అంబత్తూరు అమ్మ · మే 21, రాత్రి 9:30

ఆలస్యమైంది, మన్నించండి. ఫలితాలు వచ్చాయి, మార్కులు బాగానే ఉన్నాయి. నాయుడుగారు చెప్పినట్టు సర్టిఫికెట్ కోసం ఫిబ్రవరిలోనే తాలూకా ఆఫీసులో వేశాం, అదింకా నడుస్తా ఉంది. ఓసీలోనే అప్లై చేశాం.

మూడు కాలేజీలు తిరిగాం. మా ఆయన సెలవు పెట్టి వచ్చారు, మొదటి రెండు చోట్లా వాకిట్లో వేపచెట్టు కింద నిలబడ్డారు గానీ లోపలికి రాలేదు. మొదటిదాంట్లో కెమెరా రిజిస్టర్ అడిగితే "అదెందుకు మేడమ్, మేం ఆన్‌లైన్‌లో మెయింటెయిన్ చేస్తాం" అన్నారు. ఆ ఆన్‌లైన్ చూపించమంటే సార్ లేరన్నారు. రెండోచోట పేపర్ల లిస్టు ఇచ్చారు, బాగానే ఉంది, ల్యాబుకి తాళం వేసుంది.

మూడోచోట ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన, పెద్దాయన, మారు మాట్లాడకుండా బీరువాలో నుంచి పొడుగాటి నోటుబుక్కు తెచ్చి బల్ల మీద వేశారు. అట్ట ఊడిపోయి ఉంది. నేను పాపని పంపి మా ఆయన్ని లోపలికి పిలిపించాను. స్టోర్స్ మనిషి కదా, పుస్తకం చూడగానే జేబులో నుంచి కళ్ళద్దాలు తీశారు. నిన్నటి తేదీ ఉందా, ఇచ్చిన టైము, తిరిగి తెచ్చిన టైము, ఎవరి సంతకం, బ్యాటరీలు ఎన్ని, వెనక్కి నాలుగు పేజీలు తిప్పి చూశారు. ఒకచోట వేలు పెట్టి, "ఈ మైకు సోమవారం పోయింది, గురువారం దాకా రాలేదే?" అన్నారు. ఆ పెద్దాయన తమిళంలో "పిల్లలు తిరువళ్ళూరు పక్క పల్లెకి రికార్డింగుకి పోయారు సార్, హెచ్ఓడీ సంతకం కింద ఉంది చూడండి" అన్నారు. ఉంది.

బస్సులో వస్తా మా ఆయన అన్న మాట ఒకటే, "ఆడ స్టోర్స్ సరిగ్గా నడస్తా ఉంది."

అక్కడే జర్నలిజంకి వేశాం. ఫీజు మా లెక్కలో పడుతుంది. సీటు వస్తే చెప్తాను.

నవ్వుల పువ్వు · మే 21, రాత్రి 9:45

వదినా, ఆ మైకు శుక్రవారమన్నా వచ్చిందా?

అంబత్తూరు అమ్మ · మే 21, రాత్రి 9:52

శుక్రవారం పొద్దున పదింటికి. మా ఆయన అదీ చూశారు.